మధ్య కుర్చీ

ఇప్పుడు మా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరు. వాన పడేలా ఉందా అని కూడా అడగరు. కిటికీ దగ్గరికి వెళ్ళి వాళ్ళే చూసుకుంటారు. మర్యాదకు లోటు లేదు. కంచం ముందు నాకే పెడతారు, ఒంట్లో నలతగా ఉంటే మందు తెచ్చిపెడతారు. ప్రశ్న ఒక్కటే లేదు. ప్రశ్నలు ఆగిపోయిన ఇంట్లో మనిషి ఎంత త్వరగా గోడ గడియారం పక్కన మరో గడియారమైపోతుందో నేను చూశాను. అది ఒక్క ఫుట్‌బాల్ సీజన్‌లో జరిగిన పని. ఎవరు చేశారో నాకు స్పష్టంగా తెలుసు. ఆయన ఈనాటికీ చాలా మర్యాదస్థుడిగా చలామణీ అవుతున్నాడు.

నేను దుభాషిని. కోర్టుల్లో మొదలుపెట్టి, తల నెరిశాక మా ఊరి పెద్ద క్లబ్బులో చేరాను. ఇద్దరు మనుషుల మధ్య కుర్చీలో కూర్చుని ఈయన మాటను ఆయన భాషలో, ఆయన మాటను ఈయన భాషలో చెప్పడం నా వృత్తి. అందులో ఒక మాట కలపకూడదు, ఒక మాట విడవకూడదు. మాట్లాడేవాడు "నేను" అంటే నేనూ "నేను" అనే చెప్పాలి. "ఆయన ఇలా అంటున్నారండీ" అని చేతులు దులుపుకోవడం పని రానివాళ్ళ అలవాటు. గదిలో విన్నది గుమ్మం దాటకూడదు. దీనికి నేను కోర్టులో ప్రమాణం చేశాను. ఆ ప్రమాణానికి గడువేమీ చెప్పలేదు.

నా తమ్ముడు అదే క్లబ్బులో అసిస్టెంట్ కోచ్. మేనేజర్‌ను పంపేసిన ప్రతిసారీ, కొత్తవాడు దొరికేదాకా జట్టును వాడి చేతిలో పెట్టేవారు. దొరకగానే భుజం తట్టి వెనక బెంచీకి పంపేవారు. వానొస్తే తెరుస్తారు, వెలిస్తే మూల పెడతారు కనుక అభిమానులు వాడికి 'గొడుగు' అని పేరు పెట్టారు. ప్రేమగానే పెట్టారు. ప్రేమగా పెట్టిన పేర్లే ఊడిరావు.

ఆ చలికాలంలో జట్టు వరసగా ఓడింది. మేనేజర్ పెట్టె సర్దుకున్నాడు. ఆ సాయంత్రం తమ్ముడు బురద బూట్లతో గుమ్మంలో నిలబడ్డాడు. మా ముందు గదిలోనే మరదలి కుట్టుపని దుకాణం. ఆమె మిషను ఆపలేదు.

"మళ్ళీ తెరిచారా?" అంది.

"తెరిచారు."

"చిల్లులేమైనా ఉన్నాయేమో చూసుకున్నారా, అలాగే పట్టుకుపోయారా?"

"పెద్ద క్లబ్బుకి మేనేజరై ఇంటికొచ్చిన మొగుడికి ఇదటోయ్ పలకరింపు?"

"తాత్కాలిక మేనేజరు. ఆ ముందు మాట మింగేస్తే ఎలా? వదినా, మీరు చెప్పండి, మాట మింగొచ్చా?"

"మింగకూడదు," అన్నాను పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఇద్దరూ ఒక్కటే మీరు," అంటూ వాడు నవ్వి నా ఎదురుగా కూర్చున్నాడు. "ఈసారి అలా కాదక్కా. ఛైర్మన్ గారు వేరేగా మాట్లాడారు. ఫలితాలు బాగుంటే నిన్నే ఉంచేస్తాం, బయటివాళ్ళ జోలికి పోము అన్నారు. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నారు."

"చెయ్యి పట్టుకున్నవాళ్ళందరూ ఏలుకుంటారా?" అంది మరదలు దారం కొరుకుతూ.

"మీ వదిన ఏమీ అనలేదు చూడు. వదిన నోరు విప్పలేదంటే శుభమేనని నువ్వే అంటావుగా!"

"అది నిజమే," అని ఒప్పుకుంది. నేను పేజీ తిప్పాను. అప్పుడు నాకేమీ తెలియదు గనుక, ఆ మౌనం ఉత్త మౌనమే.

వాడు గెలవడం మొదలుపెట్టాడు. ఎలా గెలిచాడో నేను వివరించలేను. ఆ ఆట నాకు మాటల్లో తప్ప తెలియదు. తెలిసిందల్లా ఇది: పోయిన మేనేజర్ హయాంలో మైదానంలోకి శిక్షకు వెళ్తున్నట్టు వెళ్ళినవాళ్ళు ఇప్పుడు తోసుకుంటూ వెళ్తున్నారు. మూడో గెలుపో నాలుగో గెలుపో అయ్యాక స్టేడియంలో ఎవడో ఒక మూల నల్ల గొడుగు తెరిచాడు. చుక్క వాన లేదు. మరుసటి మ్యాచ్‌కు ఒక వరుస తెరిచింది. ఆ తర్వాత స్టాండు స్టాండే తెరుచుకుంది. మైదానం పక్కన తమ్ముడు ట్రాక్‌సూట్‌లో చేతులు కట్టుకుని నిలబడి, అటు చూడకుండా ఉండటానికి తంటాలు పడేవాడు. ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది: అసలు మేనేజర్లు కోటు వేసుకుని నిలబడతారు, తాత్కాలికుడు ట్రాక్‌సూట్‌లో నిలబడతాడు. ఎక్కడా రాసి లేదు. ఎవరూ మీరలేదు.

మా వీధి చివర సెలూన్ ఆయన కత్తెర గాలిలో ఉంచి మరీ నన్ను ఆపేవాడు. "అక్కగారూ, పేపర్లో ఎవరెవరి పేర్లో రాస్తున్నారు. మీరు లోపల తిరిగేవారు కదా, ఖాయమేనా మనవాడు?"

"అద్దంలో చూసి కత్తిరించండి. ఆయన చెవి జాగ్రత్త," అనేదాన్ని. కుర్చీలో ఉన్నవాళ్ళు నవ్వేవారు.

అలాంటి ఒక ఉదయం నాకు క్లబ్బు నుంచి కబురు వచ్చింది. విదేశీ ఆటగాడి ఒప్పందం, ఓ గంట పని అన్నారు. ఛైర్మన్ గదిలో పొడవాటి బల్ల, గోడకు తెర, ఆయన పక్కన నా కుర్చీ. తెర మీద కనిపించినవాడు ఆటగాడు కాదు. నెరిసిన జుట్టు, చేతిలో గాజు కప్పు, వెనక పుస్తకాలు లేని ఖాళీ అరలు. అతను చెప్పిన మొదటి వాక్యం నేను అలవాటు కొద్దీ తెలుగులో చెప్పేశాను: "మీ జట్టు ఆడిన ఆటలన్నీ చూశాను. దీన్ని తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు."

చెప్పాక అర్థమైంది. పెన్ను కింద పెట్టాను.

"అయ్యా, ఇది నేను చేయవలసిన పని కాదు. నా తమ్ముడి ఉద్యోగం గురించిన మాటలు ఇవి. కోర్టులో అయితే న్యాయమూర్తి నన్ను ఈ క్షణమే బయటికి పంపేవారు."

ఛైర్మన్ నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. ఆయనకు అది బాగా వచ్చు. "ఇది కోర్టు కాదు కదమ్మా. లాంఛనం. నలుగురితో మాట్లాడామని బోర్డుకు చూపించాలి, అంతే. మీ తమ్ముడు మా ఇంటి మనిషి."

"అయితే వేరే దుభాషిని పిలవండి."

"పిలిస్తే రేపు పొద్దున్న పేపర్లో ఉంటుంది. మీరైతే ఉండదు." కాస్త ముందుకు వంగి, మరింత మృదువుగా అన్నాడు: "లేచి వెళ్ళిపోతానంటే వద్దనను. ఇంటికెళ్ళాక ఎందుకు లేచి వచ్చావని మీ తమ్ముడు అడుగుతాడు. ఏం చెబుతారు?"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న మాటను జీవితమంతా ఇతరుల తరఫున అనువదించాను. ఉన్నా విన్నదే, లేచినా విన్నదే. ఆయన నన్ను ఎంచుకున్నది నా భాషల కోసం కాదు. నా నోటికి ఉన్న తాళం కోసం. ఒక మనిషి నిజాయితీని ఆమె ఇంటిమీదికే వాడుకోవచ్చన్న ఊహ రావడానికి ఒక ప్రత్యేకమైన తెలివి కావాలి. అలాంటి తెలివిని మన సమాజం కార్యదక్షత అంటుంది.

తెర మీది మనిషి ఓపికగా ఎదురుచూశాడు. తర్వాత చెప్పాడు, నేను చెప్పాను: "నా మనుషులను నేనే తెచ్చుకుంటాను. ఇప్పుడున్న శిక్షకులు ఎవరూ నాకు అక్కర్లేదు. ఇది ముందే స్పష్టం చేస్తున్నాను." నా గొంతు ఎక్కడా తొణకలేదు. ఛైర్మన్ కాదనలేదు. "అది వివరం. వివరాలు తర్వాత," అన్నాడు. అది కూడా ఆ భాషలోకి పెట్టాను.

ఆ తర్వాత అదే గదిలో చాలాసార్లు కూర్చున్నాను. లాంఛనం అన్నది రానురాను ఇల్లు, కారు, అతని సహాయకుల జీతాలు, అతని కుక్కకు విమాన ప్రయాణం దాకా వచ్చింది. ఆ పని మధ్యలో తమ్ముడు కిటికీ కింద, మైదానంలో ఈల ఊదుతూ ఉండేవాడు. గదిలోకి వినిపించేది.

చలి తగ్గుముఖం పడుతుండగా ఇంకొకటి జరిగింది. కొండల అవతల ఊళ్ళో ఒక చిన్న క్లబ్బు ఉంది. వాళ్ళు తమ్ముడికి మేనేజర్ పని ఇస్తామన్నారు. తాత్కాలికం కాదు. కింది లీగు, పాత మైదానం, కానీ కోటు వేసుకునే పని. నెలాఖరులోగా జవాబు కావాలన్నారు.

మరునాడే నేను ఛైర్మన్ దగ్గరికి వెళ్ళాను. ఎవరూ పిలవకుండా ఆ గదికి వెళ్ళడం అదే మొదటిసారి.

"వాడికి మీరే చెప్పండి. నేను చెప్పలేను, మీరు చెప్పగలరు. వాడికి బయట ఒక పని వచ్చింది. మీ నిర్ణయం తెలిస్తే అది తీసుకుంటాడు. తెలియకపోతే మీ మాట నమ్ముకుని వదిలేస్తాడు."

"సీజన్ మధ్యలోనా?" అన్నాడు ఆయన. "ఇప్పుడు చెబితే వాడి మనసు చెదరదూ? వాడి మనసు చెదిరితే జట్టు చెదరదూ? అభిమానులు ఎంత ఆశతో ఉన్నారో మీరు చూస్తున్నారుగా."

"ఆ ఆశ వాడి మీదే కదండీ."

"అందుకే." ఆయన నాకు కాఫీ తెప్పించాడు. "ఒప్పందం మీద సంతకం కానిదే ఏదీ నిర్ణయం కాదమ్మా. లేని నిర్ణయం ఏమని చెప్పను? పైగా గదిలో మాట గదిలోనే ఉండాలన్నది మీ వృత్తి ధర్మం. దాన్ని మీ దగ్గరే నేర్చుకున్నాను."

కాఫీ తాగకుండా లేచాను. రాజీనామా చేస్తానన్నాను. "చేయండి, కాదనను. కారణం ఏం రాస్తారో ఆలోచించుకోండి," అన్నాడు. తలుపు దాకా వచ్చి సాగనంపాడు కూడా. గెలిచినవాడికి సాగనంపే తీరిక ఉంటుంది.

ఇంట్లో ఆ ఆదివారం తమ్ముడు మరదలి బొత్తాల డబ్బా బల్ల మీద గుమ్మరించి ఆటగాళ్ళను నిలబెడుతున్నాడు. నల్లవి మనవాళ్ళు, తెల్లవి ఎదుటివాళ్ళు. గోల్ దగ్గర ఓవర్‌కోటు బొత్తాం ఒకటి, లావుగా.

"ఆ పెద్ద బొత్తాం నాకు రేపటికి కావాలి. మీ గోల్‌కీపర్ని కస్టమర్ కోటుకు కుట్టేస్తాను," అంది మరదలు.

"రేపటికి ఇంకో గోల్‌కీపర్ దొరుకుతాడులే." బొత్తాలు జరుపుతూనే నాతో అన్నాడు: "అక్కా, ఆ చిన్న క్లబ్బు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. ఇవాళ ఏదో ఒకటి చెప్పాలి."

"ఊఁ."

"వెళ్ళిపోదామా అనిపిస్తుంది ఒక్కోసారి. ఈ పిల్ల దుకాణం అక్కడ పెట్టుకోవచ్చు. కానీ ఇక్కడ ఇంతదాకా తెచ్చి వదలడమంటే... నువ్వు పైన గదుల్లో తిరుగుతావు. ఏమంటావ్? వాళ్ళకి ఊఁ అనెయ్యనా?"

మిషను ఆగింది.

వెళ్ళు అన్నా అది గదిలో మాటే, ఉండు అంటే అబద్ధం. నాకు తెలియదు అన్నా అబద్ధమే. మిగిలింది ఒక్కటి. అందులో నా హెచ్చరికంతా ఉందనుకుని, ప్రతి అక్షరం తూచి, వాడి కళ్ళలోకి చూస్తూ అన్నాను.

"నన్ను అడగకు."

వాడు నా వంక కాసేపు చూశాడు. తర్వాత వాడి ముఖం మెల్లగా విచ్చుకుంది. మరదలు మిషను మీంచి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అర్థమైంది," అన్నాడు వాడు. "ఇంకేమీ అడగను."

చిన్నప్పటి నుంచి మా ఇంట్లో చెడు కబురు చెప్పే పని నాది. నాన్న ఇక లేడని వాడికి చెప్పింది నేను. వాడి మోకాలు విరిగినప్పుడు, ఇక ఆడలేవని డాక్టర్ నసుగుతుంటే, ఆయన్ను పక్కకు జరిపి ముఖం మీద చెప్పింది నేను. మంచి కబురైతే మాత్రం చెప్పేదాన్ని కాదు. ఫలితాలు వచ్చాయా అంటే "నన్ను అడగకు, పోయి చూసుకో" అనేదాన్ని. వాడు పరుగెత్తి బోర్డు మీద తన నంబరు చూసుకుని ఎగురుకుంటూ వచ్చేవాడు. ఆ సంతోషం వాడి కళ్ళతో వాడే తీసుకోవాలని నా ఉద్దేశం. ఒక జీవితకాలం కష్టపడి వాడికి ఆ భాష నేర్పాను. నా నోటి వెంట ఆ రెండు ముక్కలు వస్తే దాని అర్థం ఏమిటో ప్రపంచంలో నేను కాక ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు.

"అది కాదురా," అన్నాను.

"వద్దక్కా, వద్దు. నిన్ను ఇబ్బంది పెట్టను. నీ పని సంగతి నాకు తెలియదా?" అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

సరిదిద్దాలంటే చెప్పాలి. చెప్పకుండా సరిదిద్దే మాట నాకొచ్చిన ఏ భాషలోనూ లేదు. వాడు నా ఎదురుగానే నిలబడి ఆ చిన్న క్లబ్బు వాళ్ళతో ఎంతో గౌరవంగా మాట్లాడాడు: మీరు నన్ను తలుచుకోవడమే పెద్ద మాట అన్నాడు, మనసు ఇక్కడ పెట్టుకుని అక్కడికి వస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతానన్నాడు, మంచివాడు దొరకాలని కోరుకుంటున్నానన్నాడు. వాళ్ళకు వారం తిరక్కుండా దొరికాడు.

ఫోన్ పెట్టేశాక మరదలు నా దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనిది, నా చెయ్యి పట్టుకుంది. "మీ నోటికి దండం పెట్టాలి వదినా. ఎంత గట్టిది!"

మర్నాడు ఆమె బీరువా అడుగు నుంచి ఊదారంగు బట్ట తీసింది. ఏ కస్టమరో వదిలేసి పోయిన మంచి ఉన్ని బట్ట, ఎన్నాళ్ళుగానో ఎవరికీ కుట్టనన్న బట్ట.

"ఆలూ లేదు చూలూ లేదు అంటారు. అయినా కుట్టేస్తా," అంది.

"తొందరపడకమ్మా," అన్నాను. నేను అనగలిగింది అంతే.

"తొందరేముంది? ఆరు వారాలుంది సీజన్. నింపాదిగా చేతి కుట్టు వేస్తా."

కొలతలప్పుడు సూదులు నేను పట్టుకున్నాను. వాడు చేతులు చాచి దిష్టిబొమ్మలా నిలబడితే, ఆమె చుట్టూ తిరుగుతూ సుద్దతో గీసింది. "ఊపిరి బిగపట్టకండి. గెలిచినప్పుడు ఊపిరి వదిలితే బొత్తాలు ఊడి రిఫరీ కంట్లో పడతాయి." వాడు నవ్వితే సూది గుచ్చుకుంది. "చూశావా అక్కా, ఇంట్లోనే ఫౌల్ చేస్తోంది." నేను ఒక్కొక్క సూదీ అందించాను. వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషానికి కారణం నేనే అని వాళ్ళు నమ్మారు.

ఆ ఆరు వారాల్లో నేను నిద్రలో కూడా మాట్లాడలేదని ప్రమాణం చేయగలను. ఆఖరి వారంలో ఛైర్మన్ గదిలో సంతకాలు జరిగాయి. మధ్య కుర్చీలో నేను.

ఆఖరి మ్యాచ్ రోజు ఎండ పేలిపోతోంది. మొదటిసారి నేనూ వెళ్ళాను. మరదలు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. గెలిచారు. విజిల్ మోగగానే స్టేడియమంతా గొడుగులు తెరిచింది. నీడ పడ్డ ఆ జనం కింద మైదానం ఒక్కటే వెలుగుతూ ఉంది, దాని అంచున ట్రాక్‌సూట్‌లో నా తమ్ముడు. ఈసారి తలెత్తి చూశాడు. ఎంతసేపు చూశాడంటే, ఆటగాళ్ళు వచ్చి వాణ్ణి ఎత్తుకుంటే ఉలిక్కిపడ్డాడు. సెలూన్ ఆయన మా ముందు వరుసలోంచి తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ అరిచాడు: "అక్కగారూ, ఇంకెవడు ఆపుతాడు?" పై అద్దాల గదిలో ఛైర్మన్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నాకు అక్కణ్ణుంచి స్పష్టంగా కనిపించాడు.

మరునాడు పొద్దున్న మా ఇంటికి క్లబ్బు నుంచి రెండు ఫోన్లు వచ్చాయి, ఒకటి వాడికి, ఒకటి నాకు. నన్ను ముందు రమ్మన్నారు.

నేను వెళ్ళేసరికి కొత్తాయన కూర్చుని ఉన్నాడు. తెర మీద కన్నా పొట్టిగా ఉన్నాడు. నన్ను చూసి పాత పరిచయస్థుడిలా నవ్వాడు. ఛైర్మన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఆయనే చెబుతారు," అన్నాడు నాతో. "ఒక కోచ్ ఇంకో కోచ్‌కు చెబితేనే గౌరవంగా ఉంటుంది." పొమ్మనలేక పొగబెట్టడం పాత పద్ధతి. పొమ్మనడానికి ఇంకో దేశం మనిషిని, ఆ మాట పలకడానికి పొమ్మనిపించుకునేవాడి అక్కను పెట్టుకోవడం ఈయన కనిపెట్టింది.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు ఊదారంగు కోటు వేసుకుని వచ్చాడు. అది వాడికి ఎంత బాగా అమరిందంటే, ఛైర్మన్ ఒక్క క్షణం సర్దుకుని నిలబడ్డాడు. వాడు ముందు నన్నే చూశాడు. ఫలితాల బోర్డు దగ్గరికి పరుగెత్తబోయే పిల్లవాడి నవ్వు నవ్వాడు. తర్వాత నా పక్కనున్న మనిషిని చూశాడు.

కూర్చున్నాడు. కొత్తాయన మొదలుపెట్టాడు. నేను మొదలుపెట్టాను.

"మీరు జట్టును బాగా నిలబెట్టారు. మీకు నా కృతజ్ఞతలు. వచ్చే సీజన్ నుంచి ఇక్కడ మేనేజర్‌ను నేను. నా శిక్షకులు నాతో వస్తున్నారు. మీకు ఇక్కడ స్థానం ఉండదు. ఇలాంటి మాట చెప్పడం నాకూ ఇష్టం ఉండదు."

వాడు నా ముఖం చూడలేదు. పద్ధతి తెలిసినవాడు కనుక మాట్లాడినవాడి ముఖమే చూస్తూ విన్నాడు. అప్పుడు కొత్తాయన, మంచి మనసుతోనే, ఇంకో వాక్యం చెప్పాడు.

ఆ గదిలో ఆ భాష కొత్తాయనకూ నాకూ మాత్రమే తెలుసు. విడిచేస్తే అడిగేవాళ్ళు లేరు. కొత్తాయన గమనించేవాడు కాదు, ఛైర్మన్‌కు తెలిసేది కాదు, తమ్ముడు ఈనాటికీ నన్ను వాన సంగతి అడిగేవాడు.

"ఇది మీకు కొత్త సంగతి కాదనుకుంటాను," అన్నాను. "చలికాలంలోనే, మొదటిసారి మాట్లాడుకున్నప్పుడే, ఈ దుభాషి గారి ద్వారా ఛైర్మన్‌కు స్పష్టంగా చెప్పాను."

కిటికీ దగ్గర ఛైర్మన్ దగ్గాడు.

తమ్ముడు కోటు జేబులో చెయ్యి పెట్టుకోబోయాడు. కొత్త కోటు, జేబు మూతిని మూస్తూ వేసిన పచ్చికుట్టు ఇంకా విప్పలేదు. చెయ్యి లోపలికి పోలేదు. ఆ చేతిని ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే ఉంచి, మెల్లగా మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆయనకు చెప్పండి," అన్నాడు నాతో. పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను 'మీరు' అనడం అదే మొదలు. "ఎడమవైపు ఆడే కుర్రాణ్ణి అందరి ముందూ తిడితే ఆడడు. పక్కకు పిలిచి చెబితే ప్రాణం పెడతాడు. వాన పడితే ఉత్తరం వైపు గోల్ ముందు నీళ్ళు నిలుస్తాయి. బంతి ఆగిపోతుంది, అటు ఆడించవద్దు."

చెప్పాను. కొత్తాయన కాగితం తీసి రాసుకున్నాడు.

"ఇంకో మాట." వాడు లేచి నిలబడి కోటు బొత్తాం పెట్టుకున్నాడు. "ఈ దుభాషిని మార్చవద్దని నా సలహా. పూర్తిగా నమ్మవచ్చు. గదిలో మాట సొంత తమ్ముడికైనా చెప్పరు."

ఆ వాక్యాన్ని కూడా నేనే ఆ భాషలోకి పెట్టాను. ఒక మాట కలపలేదు, ఒక మాట విడవలేదు. కొత్తాయన దాన్ని మా వైపు సామెత అనుకున్నాడు కాబోలు, మెచ్చుకోలుగా నవ్వి నా వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అన్నాడు. ఆ జవాబు తెలుగులో వినడానికి వాడు తలుపు దగ్గర మర్యాదగా ఆగాడు.

"మీరు అదృష్టవంతులు," అన్నాను నా తమ్ముడితో. "అలాంటి మనిషి దొరకడం చాలా కష్టం."